తలలో నీరు: బొబ్బిలి నుంచి విశాఖ దాకా ఒక పసిబిడ్డల జబ్బు చరిత్ర

మెదడు లోపల ఒకదానితో ఒకటి కలిసిన నాలుగు గదులు ఉంటాయి. వాటిలో నీళ్లలాంటి తేటద్రవం నిరంతరం ఊరుతూ, ఒక గది నుంచి మరో గదికి సన్నటి దారుల గుండా పారి, మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగి, చివరికి రక్తంలో కలిసిపోతుంది. పెద్దవాళ్లలో ఈ ద్రవం రోజుకు సుమారు అర లీటరు ఊరుతుంది. ఏ సమయంలో చూసినా నిలవ ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లకు మించదు. అంటే ఉన్న నీరు రోజుకు మూడు నాలుగు సార్లు పూర్తిగా మారిపోతుందన్నమాట. దారి ఎక్కడైనా మూసుకుపోయినా, రక్తంలో ఇంకడం మందగించినా ఊట మాత్రం ఆగదు. గదులు ఉబ్బి మెదడును పుర్రె వైపు నొక్కుతాయి. వైద్యులు హైడ్రోసెఫలస్ అనే ఈ జబ్బును బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు ఊళ్లలో ‘తలలో నీరు’ అనే అంటారు.

ఏడాదిలోపు బిడ్డకు పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు. లోపలి ఒత్తిడికి అవి విడిపోయి తల పెరుగుతుంది. నడినెత్తి మీద మెత్తగా ఉండే మాడు ఉబ్బి బిగుసుకుంటుంది, నుదుటి మీద నరాలు నీలంగా తేలతాయి, నల్లగుడ్లు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనబడుతుంది. బిడ్డ పాలు సరిగా తాగదు, వాంతి చేసుకుంటుంది, విసుగ్గా ఏడుస్తుంది, తర్వాత మగతగా పడి ఉంటుంది. పెద్ద పిల్లల్లో పుర్రె సాగదు కనుక తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం, నడక తడబడడం ముందు కనిపిస్తాయి.

జబ్బు ఒకటే అయినా దారులు అనేకం. కొందరికి మెదడు గదుల మధ్య దారి పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. కొందరు వెన్నెముక పూర్తిగా మూసుకోక, నడుము మీద గడ్డతో పుడతారు. వాళ్లలో చాలామందికి తలలోనూ నీరు చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టినవారికి మెదడు గదుల్లో రక్తం చిట్లి దారి పూడుకుపోవచ్చు. మెదడు పొరల వాపు, అందులోనూ క్షయ వల్ల వచ్చేది, తగ్గాక కూడా దారుల్లో మచ్చలు మిగిల్చి నీటిని ఆపేస్తుంది. అరుదుగా కణితులు కారణమవుతాయి. నివారణ గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాలు మరవకూడదు. కొన్ని కారణాలను ముందే ఆపవచ్చు, కొన్నింటిని త్వరగా పట్టుకోవడం ఒక్కటే మార్గం.

1757 యుద్ధం వల్ల, వీణల వల్ల పేరు పొందిన బొబ్బిలి చరిత్రలో పసిబిడ్డల జబ్బులకు చోటు దక్కలేదు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో మన దేశంలో పుట్టిన ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. అంతటి నష్టంలో తల పెరిగి పోయిన బిడ్డను వేరుగా లెక్కించిన వారు లేరు. అయినా ఇంటి ఆడవాళ్లకు ఈ జబ్బు తెలియక కాదు. పురిటిబిడ్డకు నీళ్లు పోసే అవ్వ రోజూ మాడు మీద ఆముదం అద్దేది. అది లోపలికి గుంట పడినా, ఉబ్బినా ముందు పసిగట్టేది ఆమె వేళ్లే. బిడ్డ ఒంట్లో నీరు తగ్గితే మాడు గుంట పడుతుందని, తలలో ఒత్తిడి పెరిగితే ఉబ్బుతుందని నేటి పిల్లల వైద్యులూ చెబుతారు. అవ్వ గమనింపు సరైనదే, ఆ తర్వాత ఏం చేయాలన్నదే ఎవరికీ తెలియలేదు. బాలగ్రహమని తాయెత్తు కట్టించేవారు, దిష్టి తీసేవారు, మూర్ఛ వస్తే వాతలు పెట్టించేవారు. వాతలు జబ్బును తగ్గించకపోగా పుండ్లు మిగిల్చాయి. అన్నిటికంటే పెద్ద నష్టం మాత్రం పోయిన కాలం. ఒత్తిడి కింద మెదడు నలిగే వారాలన్నీ ఆ ప్రయత్నాల్లోనే గడిచిపోయేవి.

ఆ కాలంలో పాశ్చాత్య వైద్యం దగ్గర కూడా చెప్పుకోదగ్గ జవాబు లేదు. నీరు మెదడు బయట కాక లోపలి గదుల్లో చేరుతుందని శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ 16వ శతాబ్దంలో ఒక పసిపిల్ల శవాన్ని పరీక్షించి చెప్పాడు. స్కాట్లండు వైద్యుడు రాబర్ట్ విట్ 1768లో వెలువడిన పుస్తకంలో ‘మెదడులో నీరు’గా వర్ణించిన పిల్లల జబ్బు చాలావరకు క్షయ మెదడువాపేనని తర్వాతి వైద్యులు గుర్తించారు. 1891లో జర్మనీ వైద్యుడు క్విన్కే నడుములోంచి సూదితో నీరు తీసే పద్ధతి చూపాడు. 1910లలో అమెరికాలో డాండీ, బ్లాక్‌ఫాన్ చేసిన ప్రయోగాలతో ద్రవం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో స్పష్టమైంది. జబ్బు అర్థమైంది కానీ బిడ్డలు బతకలేదు. సూదితో తీసిన నీరు మళ్లీ ఊరేది, శస్త్రచికిత్సలో చాలామంది పోయేవారు.

బొబ్బిలికి ఆధునిక వైద్యం చేరడానికి ముందు దారి పడింది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా బెంగాల్ నాగ్‌పూర్ రైలుమార్గం 1908-09లో ప్రారంభమైంది, బొబ్బిలి ఆ మార్గంలో స్టేషను అయింది. 1913లో అక్కడి నుంచి సాలూరుకు కొమ్మ లైను వేశారు. విశాఖపట్నంలో 1923లో వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆస్పత్రి మొదలయ్యాయి. కళాశాలే తర్వాత ఆంధ్ర వైద్య కళాశాల అయింది. అప్పటి నుంచి నేటి దాకా ఉత్తరాంధ్రలో ‘విశాఖ రాసేశారు’ అనే మాటకు అర్థం ఒక్కటే. కింది ఆస్పత్రి చేతులెత్తేసింది, బిడ్డను కేజీహెచ్‌కు తీసుకెళ్లాలి. బొబ్బిలి నుంచి విశాఖ 110 కిలోమీటర్ల పైమాటే. రైలు ఉన్నా, పనిదినాల కూలీ పోగొట్టుకుని, చంటిబిడ్డతో రోజుల తరబడి ఆస్పత్రి వరండాలో ఉండగలిగే కుటుంబాలు కొన్నే. ఈ జబ్బుకు సంబంధించినంత వరకు, 1950ల దాకా విశాఖ చేరినా చేయగలిగింది తక్కువే.

1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. అంతకుముందు క్షయ మెదడువాపు సోకిన పిల్లలు దాదాపు అందరూ చనిపోయేవారు. మందు వచ్చాక బతకడం మొదలైంది. కానీ బతికినవాళ్లలో చాలామందికి మెదడు దారులు మూసుకుపోయి తలలో నీరు చేరేది. ఒక చావును ఆపిన మందు, శస్త్రచికిత్స కోసం ఎదురుచూసే పిల్లల కొత్త వరుసను తయారుచేసింది. ఆ నీటిని ఒంట్లోనే మరోచోటికి మళ్లించే గొట్టం, అది వెనక్కి పారకుండా ఆపే కవాటం అదే కాలంలో పుట్టాయి. అమెరికా శస్త్రవైద్యులు ఫ్రాంక్ నల్సెన్, యూజీన్ స్పిట్జ్ 1949లో కవాటంతో కూడిన గొట్టాన్ని అమర్చారు. 1955 నవంబరులో అమెరికాలో జాన్ హోల్టర్ అనే యంత్ర నిపుణుడికి వెన్నెముక లోపంతో కొడుకు పుట్టాడు, తలలో నీరు చేరింది. వైద్యుల ఇబ్బంది విన్న హోల్టర్ తన పనిముట్లతో సిలికోన్ కవాటం తయారుచేశాడు. 1956 నుంచి ప్రపంచమంతా వాడిన స్పిట్జ్-హోల్టర్ కవాటం అదే. 1960లో రచయిత రోల్డ్ డాల్ పసికొడుకు న్యూయార్క్‌లో కారు ప్రమాదంలో గాయపడి ఇదే స్థితికి వచ్చాడు. కవాటం పదేపదే పూడుకుపోతుంటే డాల్, బొమ్మ విమానాల ఇంజన్లు చేసే స్టాన్లీ వేడ్, శస్త్రవైద్యుడు కెన్నెత్ టిల్ కలిసి ఇంకో కవాటం రూపొందించారు. బిడ్డల బాధ చూడలేని తండ్రులు స్వయంగా పనిముట్లు పట్టుకోవడం ఈ చికిత్స చరిత్రలో అరుదైన విశేషం.

మొదట గొట్టం కొసను గుండెలోకి పంపేవారు. బిడ్డ ఎదిగేకొద్దీ గొట్టం పొట్టిదయ్యేది, ఇన్ఫెక్షన్ సోకితే రక్తమంతా పాకేది. తర్వాత కడుపులోకి పంపే పద్ధతి స్థిరపడింది. అక్కడ కాస్త పొడవు ఎక్కువగా వదిలితే బిడ్డ ఎదుగుదలకు సరిపోతుంది. నేడు షంట్ అని అందరూ అనేది దీన్నే. చెవి వెనక చర్మం కింద కవాటం చిన్న బుడిపెలా తగులుతుంది, అక్కడి నుంచి గొట్టం మెడ, ఛాతీ మీదుగా కడుపులోకి దిగుతుంది. బక్కపిల్లల మెడ మీద చేయి పెడితే సన్నటి తాడులా తెలుస్తుంది.

మన దేశంలో న్యూరోసర్జరీ వెల్లూరులో జేకబ్ చాందీతో 1949లోను, మద్రాసులో బి. రామమూర్తితో 1950లోను వేళ్లూనింది. 1950ల రెండో సగంలో డాక్టర్ సుంకవల్లి బాలపరమేశ్వరరావు విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగానికి పునాది వేశారు. అప్పుడు స్కానులు లేవు. మెదడు గదుల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసి, ఆ నీడల్ని బట్టి నీరు ఎక్కడ ఆగిందో ఊహించాలి. బిడ్డకు అది కూడా ఒక గండమే. 1971లో సీటీ స్కాన్ పుట్టాక, ఆ తర్వాత మాడు మీదుగానే చూసే అల్ట్రాసౌండ్ వచ్చాక ఆ గండం తప్పింది.

తర్వాతి అడ్డంకి ధర. విదేశీ షంట్ కొనాలంటే మధ్యతరగతికే కష్టం. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల శస్త్రవైద్యుడు పురుషోత్తం ఉపాధ్యాయ చవకైన స్వదేశీ షంట్ తయారుచేశారు. లక్నోకు చెందిన డి.కె. ఛాబ్రా రూపకల్పన చేసిన షంట్ ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్ నుంచి దేశమంతటికీ చేరింది. చవకది నాసిరకమన్న అనుమానానికి యుగాండాలో జవాబు దొరికింది. అక్కడ శస్త్రవైద్యుడు బెంజమిన్ వార్ఫ్ 195 మంది పిల్లల్లో సుమారు 35 డాలర్ల ఛాబ్రా షంట్‌ను, 650 డాలర్ల విదేశీ షంట్‌ను పోల్చి, ఏడాది తర్వాత ఫలితాల్లో తేడా లేదని 2005లో ప్రకటించారు. షంట్ లేకుండా, మెదడు గది అడుగున ఎండోస్కోపుతో చిన్న రంధ్రం చేసి నీటికి దారి ఇచ్చే పద్ధతినీ వార్ఫ్ పసిపిల్లలకు విస్తరించారు. అది అందరికీ సరిపడదు. బిడ్డ వయసు, కారణం చూసి నిర్ణయించాలి.

బొబ్బిలి కుటుంబానికి ఆపరేషన్ నిజంగా చేరువైంది 2007 తర్వాతే. ఆ ఏడాది ఏప్రిల్ 1న పేదలకు ఉచిత వైద్యం అందించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, తక్కినవి అనంతపురం, మహబూబ్‌నగర్. బొబ్బిలి 1979 దాకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండి, ఆ ఏడాది జూన్ 1న ఏర్పడిన విజయనగరం జిల్లాలో చేరింది కనుక మరికొంత కాలం ఆగవలసి వచ్చింది. 2008 నాటికి పథకం రాష్ట్రమంతా విస్తరించింది. షంట్ ఆపరేషన్ ఆ జాబితాలో ఉంది. ప్రభుత్వాలు మారినప్పుడు పథకం పేరు మారింది కానీ సేవ కొనసాగింది. 2023లో విజయనగరంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. నూరేళ్ల కిందట విశాఖలో మొదలైనది ఇప్పుడు జిల్లా కేంద్రానికి వచ్చిందన్నమాట. శస్త్రచికిత్స విషయంలో దూరం ఇలా అంచెలంచెలుగా తగ్గింది. నివారణ కథ ఇందుకు భిన్నం. దానికి కావలసిన ముఖ్యమైన మందు ఒక తెలుగువాడి నాయకత్వంలోనే తయారైనా, తెలుగు ఇళ్లకు సరైన వేళకు చేరడంలో ఇప్పటికీ వెనకబడే ఉంది.

1928లో బొంబాయి వచ్చిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో ఉన్న ఏదో పదార్థం దాన్ని నయం చేస్తుందని 1931లో చెప్పారు. 1941లో ఆ పదార్థాన్ని పాలకూర నుంచి వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అన్నారు. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో, మద్రాసులో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా తయారుచేసింది. 1948లో అది పిల్లల రక్తకేన్సర్‌ను తాత్కాలికంగా తగ్గించింది. 1952లో టీర్ష్ అనే వైద్యుడు దాన్ని గర్భస్రావానికి వాడినప్పుడు, కొన్ని పిండాల్లో అవయవ లోపాలు కనిపించాయి. ఫోలిక్ ఆమ్లం లేకపోతే పిండం సరిగా రూపుదిద్దుకోదన్న హెచ్చరిక అందులోనే ఉంది. సుబ్బారావు అది చూడలేదు, 1948 ఆగస్టులోనే కన్నుమూశారు.

ఆ హెచ్చరిక రుజువు కావడానికి మరో 40 ఏళ్లు పట్టింది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో, అంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూసింది. అధ్యయనం పూర్తయిన 1,195 గర్భాల్లో లోపంతో ఏర్పడ్డవి 27. వాటిలో ఫోలిక్ ఆమ్లం తీసుకున్న వారివి 6, తీసుకోని వారివి 21. అంటే 72 శాతం రక్షణ. 1991లో వచ్చిన ఈ ఫలితం తర్వాత అమెరికా 1998లో గోధుమపిండి వంటి ధాన్యపు పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేసింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సభ కూడా అన్ని దేశాలనూ ఆహారంలో దాన్ని కలపమని కోరుతూ తీర్మానించింది.

మన దగ్గర చిక్కు వేళ దగ్గర వస్తుంది. పిండంలో వెన్నుపాము గొట్టం గర్భం దాల్చిన 28 రోజుల్లోపు మూసుకుంటుంది. నెల తప్పిందని స్త్రీ గుర్తించి, ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం దగ్గర పేరు నమోదు చేసుకుని, మాత్రల పొట్లం ఇంటికి తెచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. అప్పుడు వేసుకునే మాత్ర రక్తహీనతకు మంచిదే, వెన్నెముక లోపాన్ని మాత్రం ఆపలేదు. అందుకే గర్భానికి ముందు, పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని నిపుణులు చెబుతారు. 2013లో బడుల్లో మొదలైన వారానికో నీలిరంగు మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు కలపాలన్న నిర్ణయం 2021లో ప్రకటించారు. ఈ రెండూ గర్భానికి ముందే ఇంటికి చేరే మార్గాలు కనుక వాటి విలువ గొప్పది. బియ్యంలో రంగు తేడాగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్న ఇళ్లున్నాయి. అందులో ఏముందో రేషన్ దుకాణం దగ్గర, మహిళా సంఘాల సమావేశాల్లో చెప్పడం ఇప్పుడు జరగవలసిన పని.

రెండో నివారణ కూడా తెలుగు నేలకు సంబంధించినదే. దేశంలో బీసీజీ టీకా మొదటి ప్రయత్నాలు 1948లో సాగిన చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడి క్షయ శానిటోరియం అప్పటికే పేరున్న సంస్థ. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తమిళనాడులోని చెంగల్పట్టులో జరిపిన పరీక్ష తేల్చినా, పసిపిల్లల్లో మెదడు క్షయను గణనీయంగా తగ్గిస్తుందన్నది నిలిచిన నిజం. పుట్టిన వెంటనే ఎడమ భుజానికి వేసే ఆ సూది ఎందుకో చాలామంది తల్లులకు ఎవరూ చెప్పరు. మెదడు పొరల వాపును తెచ్చే మరికొన్ని క్రిములకు పెంటావాలెంట్, న్యుమోకోకల్ టీకాలు తోడయ్యాయి. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే చిన్నపిల్లలకు వెంటనే పరీక్ష చేయించడం ఈ నివారణలో సగం.

మేనరికాల సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ 1960ల తొలినాళ్లలోనే ఆంధ్రలో దగ్గరి సంబంధాల పెళ్లిళ్లపై వివరాలు సేకరించి ప్రచురించారు. తల్లిదండ్రులిద్దరిలో ఒకే లోపపు జన్యువు దాగి ఉంటే వచ్చే ఈ జబ్బు రకాలకు మేనరికం అవకాశం పెంచుతుంది. 1992లో గుర్తించిన ఎల్1కామ్ జన్యువు వల్ల వచ్చే మరో రకం, తల్లి నుంచి కొడుకులకు వస్తుంది, దానికి మేనరికంతో పనిలేదు. కనుక బిడ్డకు జబ్బు రాగానే కోడలిదో, సంబంధానిదో తప్పని తేల్చడం అన్యాయం. జన్యు పరీక్ష, సలహా ఎందుకన్నది ఆ కుటుంబానికి వైద్యుడు విడమరిచి చెప్పాలి.

షంట్ వేశాక జబ్బు అయిపోయిందనుకోవడం వల్ల జరిగిన నష్టం చాలా ఎక్కువ. పసిపిల్లల్లో వేసిన షంట్లలో దాదాపు సగం రెండేళ్లు తిరిగేసరికి ఏదో ఒక రకంగా చెడిపోతాయి. పూడుకుంటాయి, ఊడుతాయి, ఇన్ఫెక్షన్ సోకుతుంది. వాంతులు, మగత, ఎడతెగని తలనొప్పి, మళ్లీ ఉబ్బిన మాడు, కళ్లు కిందికి వాలడం, గొట్టం వెంట ఎర్రదనం, కారణం తెలియని జ్వరం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. జీర్ణం కాలేదని కషాయం పట్టి రెండు రోజులు ఆగితే బిడ్డ చూపో ప్రాణమో పోవచ్చు. ఏ కంపెనీ షంట్, ఏ వైపు వేశారు, ఏ తేదీన, చివరి స్కాన్ ఎప్పుడు అన్న వివరాలున్న చీటీ, పాత ఫిల్ములు ఒక సంచిలో సిద్ధంగా ఉండాలి. 108 అంబులెన్సులో వెళ్తున్నప్పుడు కొత్త వైద్యుడికి ఆ సంచే సమాధానం చెబుతుంది.

సకాలంలో నీరు దించిన పిల్లల్లో చాలామంది మామూలుగా చదువుకుంటారు. కొందరికి లెక్కలు, జ్ఞాపకం, చూపు, నడక దగ్గర సాయం కావాలి. వెన్నెముక లోపం కూడా ఉన్నవారికి మూత్రం, విరేచనం అదుపు నేర్పాలి. బడికి పంపకుండా ఇంట్లో దాచడం పాత అలవాటు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక అలా చేయడానికి కారణం కూడా లేదు. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ, ప్రత్యేక బోధన దొరుకుతాయి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. డబ్బు ముఖ్యమే కానీ, తల కొంచెం పెద్దదని తోటిపిల్లలు వెక్కిరించకుండా చూసే టీచరు అంతకంటే ముఖ్యం.

జబ్బును త్వరగా పట్టుకునే పరికరం చాలా చిన్నది, ఒక కొలత టేపు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలలు నెలకు రెండేసి, తర్వాతి మూడు నెలలు ఒక్కోటి, ఆ తర్వాత అర సెంటీమీటరు చొప్పున పెరిగి, ఏడాదికి 46 దాటుతుంది. టేపును కనుబొమలపై నుంచి వెనక ఉబ్బెత్తు భాగం మీదుగా చుట్టి చదివి, కార్డులో రాయాలి. ఒక్క కొలత కంటే వరుస కొలతల వాలు ముఖ్యం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వెన్నెముక లోపం గుర్తించవలసిన మొదటి జబ్బుగా ఉంది. టీకాల రోజున తల కొలిచారా అని తల్లి అడిగితే చాలు.

ఒకసారి వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన ఇంట్లో మాత్రం మామూలు మాత్ర సరిపోదు. మళ్లీ గర్భం దాల్చకముందే పిల్లల వైద్యుడినో, గైనకాలజిస్టునో కలిసి, అధిక మోతాదు ఫోలిక్ ఆమ్లం రాయించుకోవాలి. గర్భం అనుకున్నప్పటికి కనీసం ఒక నెల ముందు మొదలుపెట్టి, మూడో నెల నిండేదాకా వదలకుండా వేసుకోవాలి. బొబ్బిలిలో అయినా, పక్క పల్లెలో అయినా మందుల దుకాణంలో అది కొన్ని రూపాయలకే దొరుకుతుంది.